బ్యాగు విప్పందే కదలనివ్వని అత్తయ్య

మా అత్తయ్యకు ఒకటే జబ్బు. గది ఖాళీ చేసి వెళ్ళేది ఎవరైనా సరే, వాళ్ళ బ్యాగు మంచం మీద బోర్లించి, వస్తువు వస్తువునూ చేత్తో పట్టి చూసి, మళ్ళీ తనే సర్ది పెడితే తప్ప గుమ్మం దాటనిచ్చేది కాదు. అత్తయ్య అన్నాను కదా అని మా నాన్నకు తోబుట్టువు అనుకునేరు. నాకు ఏమీ కాదు. హాస్టల్లో పక్క మంచం. ఆ గదిలో ఆవిడ ఎవరికీ ఏమీ కాదు, అందుకని అందరికీ అత్తయ్యే.

పనుల మీద ఊళ్ళు తిరిగే ఆడవాళ్ళు నాలుగు రోజులు తల దాచుకునే హాస్టల్ అది. ఒకే పెద్ద గది. ఒకదాని మీద ఒకటిగా ఇనప మంచాలు, పై మంచం మనిషి పక్కకు దొర్లితే కింద మనిషికి మెలకువ వస్తుంది. అందరికీ కలిపి ఒక అద్దం, ఒక ప్లగ్గు. ఆ ప్లగ్గు దగ్గర ఫోన్లు క్యూ కట్టి ఉండేవి. వాటిని ముందుకీ వెనక్కీ జరిపే విషయంలో ప్రాణస్నేహితులు కూడా మాటలు మానేసిన సందర్భాలున్నాయి. ఇంత ఇరుకులో, ఇన్ని చిరాకుల మధ్య, అత్తయ్య తనిఖీ ఒకటి.

నేను దిగిన మర్నాడే చూశాను. మందుల కంపెనీ అమ్మాయి ఒకతె భుజాన బ్యాగు తగిలించుకుని పరుగెత్తబోతోంది. అత్తయ్య తలుపుకి అడ్డంగా నిలబడింది.

"అత్తయ్యా, బస్సు వెళ్ళిపోతుంది."

"వెళ్తే ఇంకోటి వస్తుంది. బ్యాగు విప్పు."

బ్యాగు బోర్లపడింది. అత్తయ్య ఒక దువ్వెన ఎత్తి వెలుతురుకి పెట్టి చూసింది.

"ఇది నీదేనా?"

"నాదే."

"తెల్ల వెంట్రుక ఉందే దీనికి. నీకు తెల్ల వెంట్రుకలున్నాయా?"

ఆ అమ్మాయి ఇరుకున పడింది. ఉన్నాయంటే వయసు బయటపడుతుంది, లేవంటే దువ్వెన ఎవరిదో చెప్పాలి. చివరికి దువ్వెన అత్తయ్య చేతిలో పెట్టి బస్సు కోసం పరుగెత్తింది. అత్తయ్య దాన్ని గదంతా తిప్పింది. కిటికీ పక్క మంచం వకీలమ్మ దగ్గర కాసేపు ఎక్కువ ఆగింది.

"నాకేసి చూస్తారేం? నాకు తెల్ల వెంట్రుకలు లేవు" అంది వకీలమ్మ, నల్లగా నిగనిగలాడే జుట్టు వెనక్కి తోసుకుంటూ. ఆ నలుపు సీసాలోంచి వచ్చిందని గదిలో అందరికీ తెలుసు. దువ్వెన అనాథగా మిగిలిపోయింది.

వకీలమ్మ మా ఊరి మనిషీ కాదు, ఆ ఊరి మనిషీ కాదు. ఎవరిదో కేసు పట్టుకుని వచ్చింది. అది వాయిదా పడుతూనే ఉంది, ఆవిడ ఉంటూనే ఉంది. కోర్టులో మాట్లాడే అవకాశం రాక, ఆ మాటలన్నీ గదిలో మా మీద ఖర్చు చేసేది. అత్తయ్య మీద ఆవిడకు మొదటినుంచీ అనుమానమే. దానికి కారణం బ్యాగులొకటే కాదు. అత్తయ్యకు ఇంకో అలవాటుంది, ఎవరొచ్చినా వాళ్ళ ఇంటికి దారి అడుగుతుంది.

"బస్సు దిగాక కుడి చేతికా, ఎడమ చేతికా?" అని నన్నూ అడిగింది.

"ఎడమ చేతికండీ."

"మేడా?"

"కింద మా అన్నయ్య వాళ్ళు, పైన వేరేవాళ్ళు."

"కుక్కుందా?"

"లేదండీ."

"పగలు ఇంట్లో ఎవరుంటారు?"

ఆవిడ అటు తిరగ్గానే వకీలమ్మ నా మంచం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "ఇలాంటి ప్రశ్నలు చుట్టాలడగరు. దొంగలడుగుతారు. నేను చూడని దొంగలా? పైగా ఆ మంచం కింద పెట్టె చూశావా?"

చూడకేం. నీలం రంగు వేసిన రేకు పెట్టె. దానికి అరచేతి మందాన తాళం. తాళంచెవి అత్తయ్య మెడలో తాడుకి వేలాడేది, స్నానానికి వెళ్ళినా తీసేది కాదు. ఆవిడ మార్చుకునే బట్టలన్నీ తలగడ పక్క గుడ్డసంచిలోంచే వచ్చేవి. మరి ఆ పెట్టెలో ఏముందో ఎవరికీ తెలియదు. ఊరందరి బ్యాగులూ విప్పించే మనిషి తన పెట్టె మాత్రం వేలెడంత కూడా తెరవదు. ఇది నాకూ నచ్చలేదు, ఉన్నమాట చెబుతున్నాను.

నేను అక్కడికి వచ్చింది అచ్చాఫీసులో ఉద్యోగం కోసం. అచ్చుకు వెళ్ళే ముందు తప్పులు దిద్దే పని. మొదటి పరీక్ష గట్టెక్కాను, రెండోది మిగిలింది. అది పోతే మళ్ళీ అన్నయ్య ఇంటి వసారాలో పడక, వదిన మొహం చూసి కాఫీ అడగాలా వద్దా అని తేల్చుకునే బతుకు. నాకున్నదల్లా అక్షరాల మీద పట్టు, ఒక జత కళ్ళద్దాలు. అవి తీస్తే నాకు మనుషులంతా నీళ్ళలో తడిసిన బొమ్మలే. అక్షరాల సంగతి చెప్పనే అక్కర్లేదు.

నా పై మంచంలో ఫొటోలు తీసుకుంటూ తిరిగే పిల్ల ఒకతె ఉండేది. హుషారు మనిషి. నా పరీక్షకు ముందు రోజు సాయంత్రం పందెం కాసింది. "రేపు బ్యాగు విప్పకుండా వెళ్ళిపోతాను, చూస్తూ ఉండండి" అంది. అన్నట్టే, నా పరీక్ష రోజు పొద్దున్న అత్తయ్య స్నానానికి వెళ్ళిన క్షణం చూసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వెనక మెట్ల మీదుగా జారుకుంది. నేనింకా పడుకునే ఉన్నాను. ఎర్రటి మచ్చ ఒకటి తలుపు వైపు కదలడం, ఆగి చెయ్యి ఊపడం తెలిసింది. నేనూ చెయ్యి ఊపాను.

లేచి, మంచం కమ్మీకి తగిలించిన కళ్ళద్దాల కోసం చెయ్యి చాపాను. కమ్మీ చల్లగా తగిలింది, అంతే.

దుప్పటి దులిపాను. తలగడ గలీబు విప్పాను. మంచం కిందికి దూరి చేతులతో తడిమితే ఒంటి చెప్పు దొరికింది, అదీ నాది కాదు. ఆఫీసు గేటు వేళకు మూసేస్తారని ముందే చెప్పారు. "నా కళ్ళద్దాలు ఎవరైనా చూశారా?" అని అడిగాను.

వకీలమ్మ మంచం దిగింది. ఇన్నాళ్ళకు ఆవిడకు ఒక కేసు దొరికింది.

"ఎవరూ కదలకండి" అంది. గదిలో కదిలేవాళ్ళెవరూ లేరు.

అప్పుడే అత్తయ్య తల తుడుచుకుంటూ వచ్చింది. నన్ను చూసింది, పై మంచం చూసింది.

"పైమంచం పిల్ల ఏది?"

"వెళ్ళిపోయింది."

"బ్యాగు విప్పకుండానా?" అంటూ అత్తయ్య మంచం మీద కూలబడింది. "అయితే నీ కళ్ళద్దాలు ఆ పిల్లతోనే వెళ్ళాయి."

"బావుంది" అంది వకీలమ్మ. "ఎదురుగా లేని మనిషి మీదికి తోసెయ్యడం. మేం ఇలాంటివి రోజూ వింటాం. ఏదీ, మీ పెట్టె తియ్యండి."

"పెట్టె తియ్యను."

"ఎందుకు తియ్యరు?"

"తియ్యను. అంతే."

గొడవ విని వార్డెన్ వచ్చింది. ఆవిడ ఈ హాస్టల్‌కి కొత్త. నాలుగు ముక్కలు విని తేల్చేసింది. "పెట్టెన్నా తియ్యండి, గదన్నా ఖాళీ చెయ్యండి. నా హాస్టల్లో దొంగతనం అన్న మాట రాకూడదు."

అత్తయ్య గుడ్డసంచి సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆ పద్ధతి చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. గోడ గడియారం కనపడక, టైమెంతయిందో కూడా ఎవరినో అడగాల్సిన స్థితి నాది. మంచం మీద కూర్చుని ఏడ్చేశాను. సిగ్గు కూడా వెయ్యలేదు.

అత్తయ్య సర్దడం ఆపింది. "పరీక్ష ఇవాళేనా?" అంది.

"ఇంకాసేపట్లో. అక్షరం కనపడకుండా ఏం రాయను?"

ఆవిడ సంచి కింద పెట్టింది. తర్వాత మెడలో తాడు తీస్తూ, "ఉండు. ఉన్నాయి" అంది.

"విన్నారా?" అంది వకీలమ్మ వార్డెన్‌తో. "ఉన్నాయట. మీరే సాక్షి."

తాళం ఊడింది. మూత కిర్రుమంటూ లేచింది. నాకు కనపడింది రంగురంగుల గందరగోళం. కానీ చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కసారిగా అమ్మో అనడం వినపడింది. పెట్టె నిండా ఊళ్ళోవాళ్ళ వస్తువులే. వకీలమ్మ ఉత్సాహంగా ఒక్కొక్కటే పైకి తీసి చదవసాగింది, రానురానూ గొంతు తగ్గింది.

"సాక్సు ఒకటి. గొడుగు పిడి. సగం అల్లిన పసిపిల్లల టోపీ. పళ్ళసెట్టు, పై వరస మాత్రం. తోక లేని గుడ్డ ఏనుగు. ఇదేం దొంగతనం? పనికొచ్చే వస్తువు ఒక్కటీ లేదేం?"

"జాగ్రత్త, ఆ ఏనుగు తోక కూడా ఉంది, అడుగున ఎక్కడో" అంది అత్తయ్య. "అది జ్వరంతో వచ్చిన పిల్లది. వాళ్ళమ్మ ఇంటి ముందు నీళ్ళ పంపు ఉందంది. టోపీ, నెలలు నిండిన అమ్మాయి మరిచిపోయింది. పుట్టే లోపల ఇవ్వాలనుకున్నాను, కుదరలేదు. ఇప్పుడు ఆ బిడ్డ తలకి పట్టదేమో."

వార్డెన్‌కు అర్థం కాలేదు. "ఇవన్నీ ఎందుకమ్మా మీకు?"

"బస్టాండులో పోయిన వస్తువుల గదిలో పని చేశానమ్మా. కిటికీ దగ్గర కూర్చుని ఎవరొస్తారా అని చూడ్డమే నా ఉద్యోగం. పోయిందని ఇంట్లో ఏడుస్తారు గానీ, వచ్చి అడిగేవాళ్ళే ఉండరు. కూర్చుని కూర్చుని రిటైరయ్యాను. అప్పుడు తట్టింది, వాళ్ళు రారు, మనమే పోవాలని. అందుకని మంచాల కింద దొరికినవి పట్టుకుని తిరుగుతున్నాను."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా" అంది వకీలమ్మ.

"ఒంటి సాక్సు పట్టుకుని ఊరూరా తిరుగుతున్నానంటే నన్ను పక్క మంచంలో పడుకోనిస్తారా మీరు?"

వకీలమ్మ సాక్సు మడత పెట్టి జాగ్రత్తగా లోపల ఉంచింది.

అత్తయ్య నా చేతిలో ఏదో పెట్టింది. కళ్ళద్దాలు. నావి కావు. చిలకపచ్చ ఫ్రేము, అంచుల్లో మెరుపులు. "పాటల టీచరువి. ఆవిడకీ నీ అంతే చూపు, గోడని మనిషనుకుని పలకరించేది. పెట్టుకో." పెట్టుకున్నాను. గడియారం కనపడింది. కనపడకపోయినా బాగుండేదనిపించేటంత ఆలస్యమైంది.

పరీక్ష నుంచి అటే ఊరి బస్సెక్కాలి గనక, అందరూ తలో చెయ్యీ వేసి నా వస్తువులు బ్యాగులో కుక్కారు. అత్తయ్య అలవాటు కొద్దీ తలుపు దగ్గరకు వెళ్ళి నిలబడింది. ఆవిడ చెయ్యి బ్యాగు వైపు వచ్చింది, మధ్యలో వెనక్కి వెళ్ళింది. "పో, పో. ఈ ఒక్కసారికీ పో" అంది, నోట్లోంచి పన్ను పీకినంత బాధగా.

గేటు మూస్తున్న మనిషి నా పచ్చ కళ్ళద్దాలు చూసి ఆశ్చర్యపోయి ఆగాడు. ఆ సందులో దూరిపోయాను. అద్దాలు ముక్కు మీద నిలవక, ఎడమ చేత్తో ఫ్రేము పట్టుకుని కుడి చేత్తో తప్పులు దిద్దాను. ఉద్యోగం వచ్చింది. ఆఫీసులో అందరూ నన్ను చిలక అని పిలవడం కూడా ఆ రోజే మొదలైంది.

కొన్ని వారాలకు ఒక మధ్యాహ్నం అత్తయ్య ఆఫీసుకు వచ్చింది. ఆఫీసుకు దారి ఎవరినీ అడగలేదు. హాస్టల్లో ఉన్నప్పుడే నా చేత చెప్పించుకుంది కదా. నీలం పెట్టె చంకలో ఉంది, బట్టలారేసే తాడుతో అడ్డదిడ్డంగా కట్టి ఉంది.

"ఇవిగో నీవి" అని నా కళ్ళద్దాలు బల్ల మీద పెట్టింది. "కమ్మీ మీద వాటి పైన తన తువ్వాలు ఆరేసిందట. పోయేప్పుడు రెండూ కలిపి చుట్టేసింది. ఆ పిల్ల బ్యాగు కూడా విప్పించి వచ్చాను."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ విడిపించుకుంది.

"పచ్చవి ఇటివ్వు, టీచరు ఎదురు చూస్తోంది. నీ బ్యాగేదీ? ఆ రోజు విప్పలేదు."

విప్పింది. దిద్దుతున్న కాగితాల మీదే బోర్లించింది. అన్నిటికంటే చివర, అడుగు చిరుగులోంచి టంగుమని ఒక తాళంచెవి పడింది, తాడుతో సహా. ఆనాటి హడావుడిలో నా వస్తువులతో పాటు వచ్చేసినట్టుంది. అత్తయ్య దాన్ని చూసింది, పెట్టెకు కట్టిన తాడు చూసుకుంది. మొహం చిన్నబోయింది.

"పోయిందని ఎవరినైనా అడిగారా అత్తయ్యా?"

"ఎవరినడుగుతాను? అడిగితే నవ్వరూ?"

నేను లేచి వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. "పెట్టె విప్పండి."

"నాకు బస్సుంది."

"వెళ్తే ఇంకోటి వస్తుంది. విప్పండి."

ఆవిడ సణుగుతూనే తాడు విప్పింది. ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాను. టోపీ లేదు, ఇచ్చేసిందట. బిడ్డకి పట్టలేదని ఆ తల్లి వెనక్కిస్తే గుడ్డ ఏనుగు తలకి సరిపోయిందని, ఇప్పుడు రెండూ ఆ జ్వరం పిల్ల ఇంట్లో ఉన్నాయని చెప్పింది. అడుగున దువ్వెన దొరికింది. వెలుతురుకి పెట్టి చూశాను. తెల్ల వెంట్రుక అలాగే ఉంది.

"ఇది మీదేనా?"

"వకీలమ్మది" అంది అత్తయ్య. "కేసు గెలిచిన రోజు ఇస్తాను. ఇప్పుడిస్తే ఒప్పుకోదు."