మూత పెట్టిన సముద్రం

ఆ వీధిలో దర్జీ పని చేసే కోడలి అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. అందరికీ ఆమె ‘డ్రమ్ము కోడలే’. కుట్టుమిషన్ పక్కన, కాలు చాపుకోవాల్సిన చోట, అంతెత్తు నీలం డ్రమ్ము పెట్టుకున్న మనిషిని ఇంకేమంటారు?

డ్రమ్ము నిండా ఉప్పునీళ్ళు. వంట ఉప్పు కాదు, సముద్రపు చేపలను ఇంట్లో పెంచుకునేవాళ్ళకు అమ్మే ఉప్పు. శుద్ధి చేసిన నీళ్ళలో అది కలిపి ఉంచి, తను చేపలు పెంచే గాజుతొట్టిలోని పాత నీళ్ళు కొంత తీసినప్పుడల్లా ఇవి పోసేది. మూత మాత్రం బిగించి ఉండాల్సిందే. నీళ్ళు ఆవిరైపోతే మిగిలినవి మరీ ఉప్పన అవుతాయి మరి.

“కావాల్సినప్పుడు కలుపుకోవచ్చు కదే! అది తీసేస్తే నా మంచం పడుతుంది” అని అత్తగారు చెవినిల్లు కట్టుకుని పోరేది.

“ఉప్పు సరిగ్గా కలవాలంటే ఒక రోజైనా పడుతుంది అత్తయ్యా. దాహమేసినప్పుడు బావి తవ్వితే ఎలా?”

“పెద్ద చెప్పొచ్చావు!”

ఒక మధ్యాహ్నం కోడలు కుట్టిన బట్టలు ఇచ్చి వచ్చేసరికి తొట్టి అద్దం తళతళలాడుతోంది. చుట్టాలొస్తున్నారని అత్తగారు లోపలా బయటా తోమేసింది. గిన్నెల సబ్బుతో! నీళ్ళ మీద నురగ. నారింజరంగు చేపల జంట పైకి తేలి నోళ్ళు తెరుస్తోంది.

“చంపేశానా?” అంది అత్తగారు, చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని. మొహంలో నెత్తురు చుక్క లేదు.

కోడలికి కోపం రాలేదంటే అబద్ధం. నాలుక చివరిదాకా వచ్చిన మాట మింగేసి, డ్రమ్ము మూత తీసింది.

“గొట్టం పట్టుకోండి అత్తయ్యా.”

ముందు బకెట్‌లోకి డ్రమ్ము నీళ్ళు పట్టి చేపల్ని అందులోకి దింపింది. ఒకే గదిలో ఉన్న నీళ్ళు కాబట్టి వేడిలో తేడా లేదు. తొట్టి ఖాళీ చేసి, కడిగి, మళ్ళీ నింపేదాకా అత్తగారు గొట్టం వదల్లేదు. సాయంత్రానికి చేపలు రెండూ మేతకు ఎగబడ్డాయి. కోడలికి ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్ళుగానో మాటలు పడుతూ కాపాడుకున్న నీళ్ళు కదా, గర్వంతో కళ్ళు చెమర్చాయి.

చుట్టాలు వచ్చీరాగానే తొట్టి వైపు నడిచారు. అత్తగారు అడ్డం నిలబడింది.

“ముందు ఇటు రండి. ఇది మా కోడలి డ్రమ్ము.”

“ఖాళీగా ఉంది కదా, ఇందులో చూసేదేముంది?”

“ఇందాక నేను చేసిన తప్పు కడగడానికే అయిపోయాయి నీళ్ళు. రేపు మళ్ళీ కలుపుతుంది. దీన్ని మాత్రం ఎవరూ కదపకండి” అని, అత్తగారు మూత తెచ్చి రెండు చేతులతో గట్టిగా నొక్కింది.