ఆ కథ నాది కాదండి

మా అమ్మాయి పోయిందండి. పదహారు రోజులైంది. సోమవారం జ్వరమంది. బుధవారం పొద్దున్న తనంతట తనే ఆటో ఎక్కి కూర్చుని "కొట్టు తాళాలు తెచ్చావా అమ్మా" అని అడిగింది. మధ్యాహ్నానికి ఆసుపత్రి వాళ్ళు ఏదో చెప్తున్నారు, నేను "సరేనండి, ఇంటికెప్పుడు తీసుకెళ్ళమంటారు" అంటున్నాను. నా బుర్ర ఇంకా అక్కడే ఆగిపోయి ఉంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల.

మొన్న ఈ పత్రిక దసరా సంచికలో మీరొక కథ చదివారు. సెలవులకి అమ్మమ్మగారింటికొచ్చిన అబ్బాయి, రోజూ కోటిపల్లి రేవులో పంటెక్కి గోదావరి దాటే అమ్మాయి. పది రోజులూ పక్కపక్కన నిలబడతారు. ఆఖరి రోజు ఆ అబ్బాయి అవతలి రేవులో దిగకుండా అదే పంటు మీద వెనక్కి వచ్చేస్తాడు. దాని కింద ఉన్న పేరు నాది. కథ నాది కాదండి. మా అమ్మాయిది. ఈ మాట చెప్పడానికే రాస్తున్నాను. అయిదో తరగతి దాకా చదివినదాన్ని, తప్పులుంటే సర్దుకోండి.

ద్రాక్షారామంలో మాకు చీరల కొట్టుంది. కొత్త చీరల మడతల్లో తెల్ల అట్టలు వస్తాయి కదా. విప్పి చూపించేటప్పుడు పక్కన పడేస్తాం, మడతపెట్టేటప్పుడు మళ్ళీ లోపల పెడతాం. మా పిల్ల ఆ అట్టల మీదే కథలు రాసేది, నీలం పెన్నుతో. "కాగితం మీదైతే భయమేస్తుందే అమ్మా. అట్టయితే ఎలాగూ పారేసేదే కదా అని చెయ్యి నడుస్తుంది" అనేది. బేరం వస్తే అట్ట మోకాలి కింద దాచేసి "రండి పిన్నిగారూ, ఉప్పాడ చూపించనా" అనేది. "అంచు నచ్చితేనే లోపల విప్పమంటారు, కథ మొదలు కూడా అంతేనే" అని నాకు చెప్పేది. నాకేం అర్థమయ్యేది కాదు, ఊఁ అనేదాన్ని.

నా పేరుతో పంపిందని నాకు తెలీదు. ఎదురు మందుల షాపాయన సంచిక పట్టుకుని వచ్చారు.

"ఏంటి వదినగారూ, ఈ వయసులో ప్రేమ కథలా! మా ఆవిడ చదివి కళ్ళు తుడుచుకుంది. అన్నయ్యగారికి తెలుసా అసలు?"

మా ఆయన నా వంక చూశారు. నేను అమ్మాయి వంక చూశాను. అది బీరువా వెనక్కి పోయి ఒకటే నవ్వు.

"నా పేరెందుకు పెట్టావే?"

"నా పేరు పెడితే రేపు సంబంధానికొచ్చినవాళ్ళు ఆ పంటు మీద అబ్బాయెవరని అడుగుతారు. నిన్నెవరడుగుతారు?"

"సిగ్గులేదూ? రాసుకుంటే నీ పేరుతో రాసుకో. నీ గొప్ప నాకొద్దు."

"సరేలేవే. రెండో కథకి నా పేరే పెట్టుకుంటా, పెద్దక్షరాలతో. చాలా?"

కోపంగానే అన్నాను. మర్నాడు కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు వేలు పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాను. బాగుందని చెప్పలేదు. "అంతసేపు నిలబడితే ఆ పిల్లకి కాళ్ళు లాగవా" అన్నాను, అంతే. "పక్కన మనిషున్నాడుగా, లాగవు" అంది. ఎందుకో చాలా సంతోషపడింది.

అది పోయిన తొమ్మిదో రోజున నా ఫోన్ మోగింది. కథ కింద నంబరు కూడా నాదే. అమలాపురం నుంచి, రిటైరైన టీచరమ్మగారట. "కథ రాసింది మీరేనా అండి?" అన్నారు. కాదంటే మరెవరని అడుగుతారు. అడిగితే మా అమ్మాయని, అది లేదని చెప్పాలి. ఆ మాట నోట్లోంచి రాలేదండి. "అవునండి" అన్నాను. ఆవిడ ఎంత మెచ్చుకున్నారో. "మీ లోపల ఇంకా ఇరవయ్యేళ్ళ పిల్ల ఉందండి, దాన్ని జాగ్రత్తగా చూసుకోండి" అన్నారు. "అలాగేనండి" అన్నాను. టీచరమ్మగారూ, మీతో అబద్ధమాడాను. నన్ను క్షమించండి.

రెండో కథ కూడా మొదలుపెట్టింది. జ్వరం రాకముందు వారం పెళ్ళిళ్ళ బేరం, కొట్టు నిండా జనం, పరుపు మీద అట్టలన్నీ చెల్లాచెదురు. ఆ చీరలు మడతపెట్టింది నేనే. ఏది చేతికొస్తే అది లోపలికి తోశాను, చూడలేదు. సాయంత్రం అది వెతుక్కుని వెతుక్కుని "నా కథ అమ్మేశావేంటే అమ్మా! నా పేరు రాసుకున్న అట్ట కూడా లేదు" అని నవ్వేసింది. "పోనీలే, మళ్ళీ రాస్తా" అంది.

పెద్దకర్మ అయ్యాక కొట్టు తెరిచి అరల్లో చీరలన్నీ విప్పాను. మూలన రెండు, మూడు, నాలుగు, అయిదు అని అంకెలు వేసిన అట్టలు దొరికాయి. దాని పేరున్న ఒకటో అట్ట లేదు.

పంటు కథ కింద నా పేరు తీసి మా అమ్మాయి పేరు వేయండని సంపాదకులుగారిని అడిగాను. తప్పకుండా, ఆ పేరు రాసి పంపండమ్మా అన్నారు. నాలుగుసార్లు పెన్ను పట్టుకున్నాను. నా చేత్తో రాలేదు. దాని చేత్తో అది రాసుకున్న పేరే పంపాలని ఉంది.

ఈ పెళ్ళిళ్ళకి ద్రాక్షారామంలో చీర కొన్నవాళ్ళు ఒక్కసారి మడత విప్పి చూడండమ్మా. చీర మీరే ఉంచుకోండి, నాకు ఆ అట్ట చాలు. ఇంకా కట్టకపోతే, ఏ ఇంట్లోనో బీరువాలో, కలరా ఉండల వాసన మధ్య, పట్టు మడతలో అది అలాగే పడుకుని ఉంటుంది. నీలం సిరాతో, నాకు మాటిచ్చినట్టే, పెద్దక్షరాలతో.