జంబన్న చెప్పులు విడిచిన చోటు

మా పేట జంబన్న వానాకాలమంతా పొద్దున్నే గుట్ట ఎక్కేవాడు. సగం ఎక్కాక బలుసు పొదల దగ్గర చెప్పులు విడిచి, నాలుగడుగులు వట్టి కాళ్ళతో నడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకు తగిలేంతగా వంగేవాడు. కాసేపు అలాగే ఉండి, లేచి, చెప్పులు వేసుకుని దిగేవాడు. దిగేటప్పుడు పక్కింటి ముసలాయనకు ఒక వేపపుల్ల విరిచి తెచ్చేవాడు. తర్వాత బస్సెక్కి శక్తినగర్ కరెంటు ప్లాంటులో బొగ్గు దింపే పనికి పోయేవాడు. ప్లాంటు కొత్తగా నడుస్తున్న రోజులవి.

అతను వంగేది పువ్వు చూడటానికి. ఆ పొదల నీడలో సాలెపురుగు పువ్వుల మొక్కలు ఉండేవి. ఆ పేరు అతను పెట్టుకున్నదే. వాన పడ్డాక నాలుగైదు ఆకులు విస్తరి పరిచినట్టు నేలకు అతుక్కుని వస్తాయి. మధ్యలోంచి ఒక కాడ లేస్తుంది. దాని మీద తెల్లటి పూలు. ఒక్కో పువ్వుకు కింద దారాల్లాంటి సన్నని రేకులు, సాలెపురుగు కాళ్ళు చాపినట్టు. వెనక తోకలాగా ఒక గొట్టం వేలాడుతుంది. తోక లేకుంటే అది వేరే పువ్వని జంబన్న లెక్క. గుట్ట కొసన బండ మీద అవి రావు, కింద నీళ్ళు నిలిచే చోటా రావు. రాళ్ళ సందున ఆకులు కుళ్ళిన మట్టి ఉండాలి, పడ్డ నీరు పడ్డట్టే జారిపోవాలి. సెలవు దొరికినప్పుడల్లా కల్మల వైపు, ఇడపనూరు వైపు గుట్టలు తిరిగి వెతికాడు. ఎక్కడా కనబడలేదు.

"పగలంత నల్లదే చూస్తనన్నా. తెల్లది కనబడితే జర నిలబడాలనిపిస్తది," అని ఒకసారి నాతో అన్నాడు.

ఆ ఏడాది మేకలు వచ్చి కాడలు కొరికాయి. జంబన్న ముళ్ళకంప తెచ్చి మొక్కల చుట్టూ దడి కట్టాడు. గాలికి కంప కదలకుండా నాలుగు రాళ్ళు పెట్టాడు. అంతా అక్కడే మొదలైంది.

గుట్ట మీద పుల్లలేరుకునే రంగవ్వ మంచి మనిషి. ఎవరింట్లోనైనా పొయ్యి వెలగలేదని తెలిస్తే తన మోపులోంచి రెండు పుల్లలు తీసి గడప దగ్గర పెట్టి, పిలవకుండా వెళ్ళిపోయేది. ఆమె చాలా రోజులుగా జంబన్నను చూస్తూనే ఉంది. చెప్పులు విడుస్తున్నాడు, వంగుతున్నాడు, ఇప్పుడు దడి కట్టి రాళ్ళు కూడా పెట్టాడు. ఒకనాడు ఆ రాళ్ళలో పెద్దదానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. మర్నాడు ఎవరో కొబ్బరికాయ కొట్టారు. వారం తిరిగేసరికి ఆ రాయికి ముళ్ళవ్వ అని పేరు వచ్చింది. చెంబులతో పాలు, పసుపు నీళ్ళు వచ్చాయి. విచ్చిన పూలన్నీ తెంపి రాయి మీదనే పెట్టారు.

జంబన్న చూసేసరికి ఆకులు పసుపుపచ్చగా మారి ఉన్నాయి. అది పసుపేమోనని వేలితో తుడిచాడు. పోలేదు. మొగ్గలతో మిగిలింది ఒక్క మొక్క. అది పూచి, కాయ కట్టి, గింజ రాలాలి. పోసిన నీళ్ళకు మట్టిలోని గడ్డ కూడా కుళ్ళిపోతే ఆ గుట్ట మీద ఇక ఆ పువ్వు లేనట్టే. వచ్చేది శ్రావణ శుక్రవారం. పేట ఆడవాళ్ళంతా బిందెలతో అభిషేకానికి పోదామని అనుకుంటున్నారు.

సంగతి విని అతని భార్య కమలమ్మ నవ్వింది. "లగ్గమై ఇన్నేండ్లాయె, నా దిక్కు ఎప్పుడన్న అట్ల వంగి చూసినవా? పువ్వుకు వంగినవ్, దేవతైంది. నాకు వంగితే నేను సుత అయితుంటి."

"నీకు పాలు పోస్తే తాగుతవ్. అది కుళ్ళిపోతది," అన్నాడు జంబన్న.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా రంగవ్వ ఇంటికి పోయాడు. నేనూ వెంట ఉన్నాను. రంగవ్వ మొదట చెరొక గ్లాసు మజ్జిగ ఇచ్చి, తర్వాతే ఎందుకొచ్చారని అడిగింది.

"అవ్వా, గుట్ట మీద ఉన్నది దేవుడు కాదు. పువ్వు."

"పువ్వైతే చెప్పులెందుకు విడిచినవ్ రా?"

"తొక్కుతనేమోనని."

"అదే గద భక్తంటే."

"నేను వంగింది కాళ్ళు చూసేటందుకవ్వా. సాలెపురుగు కాళ్ళోలె ఉంటయి, వంగకుంటే కనబడవు."

"దేవుని కాళ్ళు చూసినోడివి, మల్ల నాకు చెప్పొచ్చినవా? ముళ్ళవ్వకు పసుపు పెట్టినంకనే మా కోడలి జెరం దిగింది. పువ్వు దించిందా?"

లోపల కోడలు రొట్టెలు కొడుతున్న చప్పుడు గట్టిగానే వినబడుతోంది. జ్వరమైతే లేదు. అక్కడ దేవత లేదని నేను కూడా అనలేకపోయాను. రాయిలో ఉన్న తల్లి ఆకులో ఉండదా?

"సరే అవ్వా, ఉన్నదే అనుకో," అన్నాడు జంబన్న. "మొదలు బొట్టు పెట్టింది నువ్వు. నువ్వు చెప్తే పేటంత వింటది. నాదొక పని చేసి పెడతవా?"

"ఏంది?"

"ముళ్ళవ్వ నీ కలలకొచ్చిందని చెప్పు. దూరంకెల్లి దండం పెట్టుండ్రి, నీళ్ళు పొయ్యొద్దు, పూలు తెంపొద్దు అన్నదని చెప్పు."

రంగవ్వ రెండు చెవులూ మూసుకుంది. "దేవుని పేరు మీద అబద్ధమాడమంటవా? కండ్లు పోతయ్ రా!"

జంబన్న మజ్జిగ పూర్తిగా తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చి, మళ్ళీ ఆమె ఎదుట కూర్చున్నాడు.

"అబద్ధం వద్దవ్వా. రేపు తెల్లారి నాతోని గుట్టెక్కు. ఆ మొగ్గను జర వంగి చూడు. రాత్రికి దాన్నే తలుచుకుంట పండుకో. కల ఎట్ల వస్తే, అండ్ల ముళ్ళవ్వ ఏమంటే, అట్లనే పేటకు చెప్పు. శుక్రారానికి ముందు రావాలె, గంతే."