తలుపు మూయకుండా తీసిన పాట

మా మేనమామ మొన్న పోయాడు. భూపాలపల్లి నుంచి అమ్మ ఫోన్ చేసి, "మామ లేడురా. వాకిట్ల మంచం మీదనే పోయిండు," అంది. ఎండైనా చలైనా ఆయన పడక వాకిట్లోనే. వాన పడితే మంచాన్ని పంచలోకి లాక్కునేవాడు తప్ప ఇంట్లో పడుకునేవాడు కాదు. అదొక అలవాటనుకునేవాళ్లం.

తన చిన్నప్పుడు నర్మెట్టలో బావి మీద ఎడ్లతో మోట తోలుతూ మామ పాడితే పక్క చేన్లలో వాళ్లు పని ఆపి వినేవారట. నేను పుట్టాక ఆయన పాడగా ఎవరూ వినలేదు. ఎందుకు మానేశాడో అమ్మకూ తెలియదు.

పోయినేడు మహబూబాబాద్‌లో, మా ఇంటి వెనక గదిలో పాటలు రికార్డు చేసుకునేందుకు స్టూడియో పెట్టుకున్నాను. దగ్గర్లోనే రైలు పట్టాలు. సాయం రమ్మంటే మామ సంచిలో సుత్తి, మేకులు వేసుకొని బస్సెక్కి వచ్చాడు. ఇద్దరం కిటికీకి చెక్క కొట్టాం, గోడలకు పాత బొంతలు బిగించాం, తలుపు అంచులకు రబ్బరు పట్టీ అంటించాం.

"చలి గోడలకా, మనకా అల్లుడా?" అని నవ్వాడు.

బయటి చప్పుడు ఎంత ఆగుతుందో చూద్దామని తలుపు మూశాను. రైలు వెళ్తున్నట్టు కాళ్ల కింద అదురు తెలిసింది, చప్పుడు మాత్రం రాలేదు. సంతోషంగా మామ వైపు తిరిగాను. ఆయన ముఖమంతా చెమట. వెళ్లి తలుపు లాగాడు. కొత్త రబ్బరు పట్టేసి అది రాలేదు. రెండు చేతులతో బాదడం మొదలుపెట్టాడు. నేను గట్టిగా లాగి తెరిచేసరికి వెళ్లి వాకిట్లో కూలబడ్డాడు.

నీళ్లు తాగాక చెప్పాడు.

"బొగ్గుబాయిల ఓపాలి పైకప్పు కూలి లోపట్నే ఉండిపోయినం. బయటోళ్లకు వినవడ్తదని పాడుకుంటనే ఉన్న. అవుతల నుంచి ఒక్క సప్పుడు రాలే. గీ గది గట్లనే ఉన్నదిరా."

"మరి ఆ పని మానెయ్యకపోతివా మామా?"

"మానితె పిల్లలు ఏం తింటరు?"

ఉద్యోగం అయిపోయేదాకా అదే బాయిలోకి దిగాడు. మానింది పాట ఒక్కటే.

ఆయన్ని పాడమని నేను అడగలేదు. కొన్నాళ్లకు తనే వచ్చాడు. "మైకు పెట్టు, పాడుత. తలుపు మాత్రం ముయ్యకు," అన్నాడు.

మోట పాట ఎత్తుకున్నాడు. గొంతు బొంగురుపోయింది. మధ్యలో ఊపిరి అందలేదు.

"ఆపుదామా మామా?"

"వద్దు. ఆపితె మల్ల పాడ."

అయ్యాక వింటావా అని హెడ్‌ఫోన్లు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. చెవులు మూసినా ఆయనకు ఊపిరాడదట.

నా స్టూడియోలో పూర్తయిన మొదటి పాట అదే. అందులో ఆటో హారన్లు, పక్కింటావిడ కేకలు కూడా పడ్డాయి. తీసేయమని స్నేహితులు చెప్పారు. నాకు చేతులు రాలేదు. వినేవాళ్లు మన్నించాలి.

ఆ పాట పెట్టుకుంటే మామ తెరిచిన ఆ తలుపు దగ్గరే కనిపిస్తాడు. స్టూలు మీద బిగుసుకొని, కళ్లు మూసుకొని కూర్చున్నాడు. నుదుటి చెమట గడ్డం దాకా జారుతోంది. ఒక చెయ్యి తలుపు చెక్కను వదలడం లేదు. గడప బయటికి చాపిన పాదం మాత్రం, ఎండలో, మెల్లగా తాళం వేస్తోంది.