సాలీడు డిప్పతో లిఫ్టెక్కిన చిట్టమ్మ

మద్దిలపాలెంలో ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. దాని లిఫ్టులో ఒక కాగితం అంటించి ఉండేది: ‘నివాసులకు, పెంపుడు జంతువులతో వచ్చేవారికి మాత్రమే. పనివారు, చేపలవారు మెట్లు వాడవలెను.’ కింద కార్యదర్శి గురునాథరావుగారి సంతకం. ఆయన కుక్క టైగర్ రోజూ లిఫ్టులో దిగి, వీధిలో తన పని కానిచ్చుకుని, లిఫ్టులోనే పైకి వెళ్లేది. తెల్లవారకుండానే హార్బరుకు పోయి చేపలు కొనుక్కుని, తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే పెదజాలారిపేట చిట్టమ్మ మాత్రం పదకొండేళ్లుగా మెట్లే ఎక్కేది. చేప లిఫ్టులో ఉంటే కంపు, అదే చేప పెనం మీద ఉంటే ఘుమఘుమ! మోకాళ్లు కరకరమంటున్నా చిట్టమ్మ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. మూడో అంతస్తులో తట్ట దించి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఎత్తుకునేది. అంతే.

నాలుగో అంతస్తులో ఉదయ్‌కుమార్ అని బ్యాంకు కుర్రాడు అద్దెకుండేవాడు. అద్దాల పెట్టెలో మట్టి పోసి టరాంటులాను పెంచేవాడు. బొరియలో ఉండే బొచ్చు సాలీడు, అరచేతిలో సగం ఉంటుంది. పేరు రాణి.

ఒకరోజు చిట్టమ్మ వెళ్లేసరికి అతను బాల్కనీలోని తులసి కుండీలో చిన్న గొయ్యి తవ్వుతున్నాడు. కళ్లనిండా నీళ్లు.

“ఏటి బాబూ, ఏటయింది?”

“రాణి పోయింది చిట్టమ్మా. వెల్లకిలా పడిపోయింది.”

చిట్టమ్మ తట్ట దించి, కొంగుతో చేతులు తుడుచుకుని, పెట్టెలోకి తొంగి చూసింది. సాలీడు ఎనిమిది కాళ్లూ పైకెత్తి పడి ఉంది. దాని ఒంటి పక్కన సన్నటి చీలిక.

“ఓలమ్మో! బతికున్నదానికి గొయ్యి తీత్తన్నావేటి బాబూ! ఇది సచ్చిపోనేదు. పాత డిప్ప ఇడుత్తంది. మా పీతల్నడుగు, సెప్తాయి. ముట్టుకోకు, ఊదకు, అలాగొగ్గీ.”

“నిజంగానా?”

“నాను పుట్టి పెరిగింది పీతల మజ్జినే. నువ్వు బేంకులో పుట్టేవా?”

ఊరంతా తిరిగి, తట్ట ఖాళీ చేసి మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. రాణి పాత ఒళ్లు విప్పి పక్కన పడేసి, కొత్త ఒంటితో మెత్తగా, తెల్లబోయి కూర్చుని ఉంది. ఉదయ్‌కుమార్ ఆనందం పట్టలేక చిట్టమ్మ కాళ్లకు దణ్ణం పెట్టబోయాడు. ఆమె రెండడుగులు వెనక్కి గెంతి, “మోకాళ్లకి పెట్టు బాబూ, ఆటికే కావాల” అంది.

రెండు నెలలకు అతనికి వేరే ఊరు బదిలీ అయింది. ఉండబోయే హాస్టల్లో సాలీడు కుదరదన్నారు. స్నేహితులందరూ పెట్టె చూసి పారిపోయారు. పారిపోనిది చిట్టమ్మ ఒక్కతే. అలా రాణి పెదజాలారిపేట చేరింది.

“సముద్రంలో ఉన్నయి సాలక ఇంట్లోకి కూడా తెచ్చీసేవేటే?” అన్నాడు భర్త ఎల్లారావు.

“నీలాగ అరవదు, తాగదు. వారానికో మిడత ఏత్తే సాలు.”

వారం తిరక్కుండానే ఎల్లారావు మిడతల వేటలో మునిగిపోయాడు. రాణి మిడత మీదికి దూకినప్పుడల్లా పేట పేటంతా కిటికీ దగ్గర ఈల వేసేది.

ఉదయ్‌కుమార్ రాణితో పాటు ఆ పాత ఒంటిని కూడా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇచ్చాడు. అచ్చం సాలీడే. కాళ్లు, బొచ్చు, కోరలు, అన్నీ ఉన్నాయి, ప్రాణం తప్ప. ఐదో అంతస్తు గౌరీశ్వరిగారు చూస్తానంటే ఒకనాడు తట్ట మీద పెట్టుకుని తెచ్చింది. వాచ్‌మన్ పైడయ్య డబ్బా చూశాడు, లిఫ్టులోని కాగితం చూశాడు, మళ్లీ డబ్బా చూశాడు.

“వదినా, పెంపుడు జంతువుతో వత్తే ఎక్కొచ్చని రాసేరు. ఎక్కీ!”

చిట్టమ్మ ఎక్కింది. లోపల టైగర్‌తో గురునాథరావుగారు.

“ఏయ్, దిగు! చదవలేదా?”

“సదివించుకున్నాను బాబూ. ఇది నా పెంపుడుదే. పేరు రాణి.”

ఆయన వంగి డబ్బాలోకి చూశాడు. తరవాత మెట్ల మీద ఎవరో పరిగెత్తుతున్న చప్పుడైంది. ముందు టైగర్, వెనక కార్యదర్శి!

చిట్టమ్మ ఐదు నొక్కింది. పదకొండేళ్లలో మొదటిసారి ఆమె కాళ్ల కింది నేల దానంతటది పైకి లేచింది. ఆమె ఒక్కతే పగలబడి నవ్వుకుంది. ఐదు నుంచి మళ్లీ కిందికి, మళ్లీ ఐదుకు, ఊరికే ఇంకోసారి తిరిగింది. ఆ పూట వంజరం చేపలు అందరికీ ఆలస్యంగా అందాయి.

మూడు వారాలు డిప్ప లిఫ్టెక్కింది, డిప్ప వెనక చిట్టమ్మ. నాలుగో వారం మూత సరిగ్గా పడలేదు. లిఫ్టు ఫ్యాను గాలికి డిప్ప ఎగిరి, తలుపు దగ్గర నిలబడ్డ గురునాథరావుగారి చొక్కా మీద వాలింది. ఆయన కేకకు ఐదంతస్తులూ బయటికొచ్చాయి. ఆయన కొట్టుకున్న దెబ్బకు రాణి పాత ఒళ్లు పొడిపొడిగా రాలిపోయింది.

“ఖాళీ డిప్పా! పదిమందినీ మోసం చేస్తావా? రేపటి నుంచి మెట్లే!”

చిట్టమ్మ తట్టను కింద మెట్టు మీదే దించి, పక్కన కూర్చుంది.

“బతికున్న మనిసికి నేని లిఫ్టు డిప్పకుందేటి బాబూ? నానింక ఎక్కను. సేప కావలిస్తే మీరే దిగండి.”

మొదట దిగింది గౌరీశ్వరిగారు. గిన్నె పట్టుకుని, ఐదంతస్తులూ మెట్ల మీదే, మోకాలు పట్టుకుంటూ. దిగాక ఆమె చిట్టమ్మ పక్కనే కూలబడి, “పదకొండేళ్లు ఎలా ఎక్కావే తల్లీ” అంది. మర్నాడు ఆ కాగితం లిఫ్టులో లేదు. ఎవరు చింపారో పైడయ్యకు తెలుసు, చెప్పడు.

ఒక్క భవనంలో కాగితం చిరిగింది. ఈ ఊళ్లో అలాంటివి ఇంకెన్నో. రేపు లిఫ్టెక్కినప్పుడు మీ గోడ కూడా చూడండి. అలాంటిది ఉంటే మీ సంఘం సమావేశంలో లేచి, తీసెయ్యమని అడగండి. తీసెయ్యకపోతే ఒక్కరోజు చేపల తట్ట మీరు నెత్తిన పెట్టుకుని పైదాకా ఎక్కి, మళ్లీ అడగండి.