టీ రంగు నీళ్లు

ఆ శనివారం పొద్దున కొళాయి తిప్పితే పలచటి టీలాంటి నీళ్లు వచ్చాయి. మేం వలస వచ్చి ఉంటున్న టూంగాబీలో మా వీధి చివర పాత పైపు తీసి కొత్తది వేస్తున్నారు. నీళ్ల రంగు మారవచ్చని ముందురోజే ఇంటింటికీ కాగితం వేసి వెళ్లారు. నేను తెల్లబట్టలు మెషిన్‌లో వేయకుండా పక్కన పెట్టి, కాఫీకి ఫ్రిజ్‌లో ఉన్న సీసా నీళ్లు తీశాను. నా మటుకు అక్కడితో అయిపోయింది.

మా ఆయనకు అవలేదు. ఆ రోజు గరాజ్‌లో బీరు తయారు చేద్దామనుకున్నాడు. బార్లీతో చేసే మాల్ట్ పాకం డబ్బాలు తెచ్చిపెట్టుకున్నాడు, ప్లాస్టిక్ డ్రమ్ము కడిగి ఆరబెట్టాడు. గాజుగ్లాసు నిండా కొళాయి నీళ్లు పట్టి, కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తి చూస్తూ నిలబడ్డాడు.

ఈ బీరు సంగతి కొంచెం చెప్పాలి. ఆయన తాగేది తక్కువ. తయారుచేసిన సీసాల్లో సగానికి సగం ఆఫీసులోనూ స్నేహితుల ఇళ్లలోనూ పంచేస్తాడు. అంతకు ముందు సంవత్సరం నాకు ఆరో నెల నిండాక, వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో మాకు పాప పుట్టింది. ఊపిరి లేకుండా పుట్టింది. డాక్టర్లు చేయవలసిన పరీక్షలన్నీ చేసి, ఎదురుగా కూర్చుని, కారణం ఏదీ దొరకలేదని మెల్లగా చెప్పారు. నేను మా అమ్మతో ఫోన్‌లో ఏడ్చాను, చర్చిలో ఏడ్చాను, కూరలు తరుగుతూ ఏడ్చాను. ఆయన ఏడవలేదు. పాప మాట ఎత్తితే లేచి వెళ్లి ఆరిన బట్టలు మడతపెట్టేవాడు. కొన్నాళ్లకు ఆఫీసులో ఎవరో ఆ డ్రమ్మూ సరంజామా ఇస్తే తెచ్చుకున్నాడు. గరాజ్‌లో ఆ పులిసిన వాసన నాకు పడేది కాదు. అయినా ఏదో ఒకదాని మీద మనసు పెట్టుకున్నాడులే అని ఊరుకున్నాను.

ఆ శనివారం మధ్యాహ్నం, బీరు సామాన్లు కొనే షాపుకు ఫోన్ చేసి అడిగాడట. అన్నం తింటూ చెప్పాడు.

"నీళ్లలో ఐరన్ ఎక్కువుంటే బీరు పాడైపోద్దంట. రక్తం రుచి వస్తదంట."

నేను ఆయన కంచంలో ఇంకొంచెం కూర వేశాను.

"పోనీ షాపులో క్యాన్ నీళ్లు దొరుకుతాయిగా, అవి పోసెయ్," అన్నాను. మేం గుంటూరులో ఒకే కాలేజీలో చదివాం, మా మధ్య ఏమండీలు లేవు.

"అది కాదు. అసలీ నీళ్లు సేఫో కాదో తెలుసుకోవాలి."

"బీరుకేగా?"

"ఆ, బీరుకే."

ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి పెరట్లో కొళాయి తిప్పి, పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. వంటింటి గట్టు మీద గ్లాసులు వరసగా పెట్టాడు. అడుగున సన్నటి గోధుమరంగు పొడి పేరుకుంది. లోపలికి వచ్చి ఒక్కో గ్లాసూ కదపకుండా వంగి చూస్తున్నాడు. నాకు కోపం వచ్చింది. నేను ఏడిస్తే నా మొహంలోకి చూడని మనిషి, నీళ్ల గ్లాసులోకి అంతసేపు ఎలా చూడగలుగుతున్నాడా అనిపించింది.

సోమవారం ఇద్దరం ఇంటి నుంచే పని చేస్తున్నాం. మధ్యాహ్నం బట్టలు తీయడానికి లాండ్రీలోకి వెళితే, పక్కనే గరాజ్‌లో ఆయన స్పీకర్‌లో మాట్లాడుతున్నాడు. నీళ్ల ఆఫీసుకు చేశాడు. అవతల ఎవరో పెద్ద వయసు ఆవిడ గొంతు. ఆ రంగు పైపుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న ఇనుము, మాంగనీసు అనీ, నీటి వేగం మారితే అలా లేస్తుందనీ, చల్లనీళ్ల కొళాయి కాసేపు వదిలేస్తే తేటపడుతుందనీ చెప్పింది. బీరు గురించి అడిగితే నవ్వింది. తేటపడేదాకా ఆగు బాబూ, మంచి మాల్ట్ దండగ చేసుకోకు అంది.

ఆయన కూడా నవ్వాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, ఇంగ్లీషులోనే అడిగాడు.

"ఇంకొకటి. గర్భిణి ఈ నీళ్లు తాగితే బిడ్డకు ఏమైనా అవుతుందా?"

"మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

"ఇప్పుడు కాదు. పోయిన సంవత్సరం. అప్పుడూ ఒక వారం ఇలాగే వచ్చాయి."

ఆ రంగు వల్ల బిడ్డలకు ఏమైనా అయినట్టు తానెప్పుడూ వినలేదనీ, కానీ తాను డాక్టర్ని కాననీ, మీ డాక్టర్ని అడిగితే మనసు కుదుటపడుతుందనీ ఆవిడ చాలా నెమ్మదిగా చెప్పింది. చివర్లో, "మీ ఆవిడ ఎలా ఉంది?" అని అడిగింది.

"బాగానే ఉంది. థాంక్యూ," అని పెట్టేశాడు.

నేను బట్టల బుట్టతో గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆయన తిరిగి నన్ను చూశాడు.

"విన్నావా?"

"విన్నా."

"ఆ వారం పొద్దున్నే నీకు నీళ్లిచ్చింది నేనే కదా. రంగుగా ఉన్నాయేంటి అన్నావు. గుడ్డలో వడకట్టి మళ్లీ ఇచ్చా. ఏం కాదులే తాగేయ్ అన్నా. నువ్వు తాగేశావు."

నాకు ఆ గ్లాసు అసలు గుర్తే లేదు. ఆయనకు మాత్రం ఆ గ్లాసు తప్ప ఇంకేమీ గుర్తు లేనట్టుంది. డ్రమ్ము మూత మీద చేతులాన్చి, తల వంచుకుని ఏడ్చాడు. అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. బుట్ట కింద పెట్టి వీపు మీద చెయ్యి వేశాను. నువ్వు కాదు, నీళ్లూ కాదు అని మళ్లీ మళ్లీ చెప్పాను. ఇంతకాలం ఒక్కడివే ఎందుకు మోశావని తిట్టాను కూడా.

ఆ వారమే ఆయన్ని మా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ పాత రిపోర్టులన్నీ తెరిచి, ఆ నీళ్లకూ పాప పోవడానికీ సంబంధం ఉందనడానికి ఏమీ లేదని ఓపిగ్గా చెప్పింది. ఆయన తల ఊపాడు. నమ్మాడని చెప్పలేను. ఏ కారణమూ లేకుండా పాప పోయిందనుకోవడం కంటే, తన చేతి గ్లాసు వల్ల పోయిందనుకోవడమే ఆయనకు తేలిక అనిపించింది నాకు.

నీళ్లు వాటంతటవే తేటపడ్డాయి. బీరు కలిపే రోజు ఈసారి నేనూ గరాజ్‌లోకి వెళ్లాను. ఆయన చెబుతుంటే పులియబెట్టే ఈస్ట్ పొడి చల్లాను. ఇద్దరం అలా పక్కపక్కన నిలబడి చాలాకాలమైంది.

సీసాలు తయారయ్యాక ఒక శనివారం పక్కనే పెండిల్ హిల్ వైపుండే నాలుగు తెలుగు కుటుంబాలను భోజనానికి పిలిచాం. మగవాళ్లు పెరట్లో మాంసం కాల్చే బార్బెక్యూ దగ్గర చేరి బీరు బాగుందంటున్నారు. మా అందరికంటే పెద్దావిడ ఒక ఆంటీ, పెరుగన్నం కలుపుకుంటూ మామూలుగా అడిగేసింది.

"ఏమ్మా, పెళ్లై ఇన్నేళ్లాయె, ఇంకా విశేషమేం లేదా?"

నేను ఎప్పటిలాగే నవ్వి లేవబోయాను. ఆయన పటకారు పళ్లెంలో పెట్టి ఇటు తిరిగాడు.

"మాకు ఒక పాప పుట్టింది ఆంటీ. పోయింది."

ఆంటీ ఎడంచేత్తో నా చెయ్యి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు. కొంతసేపటికి ఆయన్నే అడిగింది, "ఎవరి పోలిక నాయనా?"

"అంతా వాళ్లమ్మే," అన్నాడు. "గడ్డం ఒక్కటే నాది."

పాప మొహం గురించి ఆయన నోటివెంట ఒక్క మాటైనా వినడం నాకు అదే మొదలు.