నేను మోకరించని ప్రార్థన

మోకాళ్ళకు శ్రమ పెట్టొద్దని మా జీపీ డాక్టరు చెప్పి నెల తిరగలేదు. అయినా మొన్న పవిత్ర శుక్రవారం, అదే గుడ్ ఫ్రైడే నాడు, ఇంగ్లండులో మా స్విండన్ చర్చిలో యూదుల కోసం ప్రార్థన రాగానే అందరికంటే ముందు మోకరించాను. మా ఆయన వింతగా చూశారు. ఎందుకో ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు, సిగ్గేసి.

కోవెంట్రీలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఒక పెద్దావిడ ఇంట్లో గది తీసుకున్నాను. ఆంటీ అనేదాన్ని. పసితనంలోనే పోలండ్ నుంచి వచ్చేసిన మనిషి. నేనూ క్యాథలిక్కునని తెలిశాక నా పచ్చడి సీసాలకు వంటింట్లో ఏకంగా ఒక అర ఇచ్చేసింది, వాసన గురించి కిక్కురుమనకుండా. ఆదివారాలు ఆవిడ చెయ్యి పట్టుకుని చర్చికి తీసుకెళ్ళేదాన్ని. ఆ ఊళ్ళో నాకంటూ ఉన్నది ఆవిడొక్కతే. ఆ ఏడు పవిత్ర శుక్రవారం పోపు కోసం, గురువుల కోసం, అలా ఒక్కొక్కరి కోసం ప్రార్థన చేస్తూ, ప్రతిసారీ మోకరిస్తున్నాం. యూదుల వంతు రాగానే నేనొక్కదాన్నే నిటారుగా నిలబడ్డాను. గుంటూరులో నాయనమ్మ నేర్పిన పద్ధతి అది. "దీనికి మాత్రం మోకరించకూడదమ్మాయ్" అనేది. ఇంగ్లండు వాళ్ళకు పాత పద్ధతులు తెలియవు కాబోలని కాస్త గర్వపడ్డాను కూడా.

దారిలో ఆంటీ ఎందుకు నిలబడ్డావని అడిగింది. నాయనమ్మ భక్తి గురించి ఉత్సాహంగా చెప్పుకొచ్చాను. ఆవిడ నా చెయ్యి వదిలేసింది.

"మా అమ్మ పుట్టుకతో యూదురాలు. ఆమె చిన్నప్పుడు ఈ రోజు వస్తే తలుపులు బిగించుకుని కూర్చునేవాళ్ళట. చర్చిలో నీలాగే నిలబడ్డవాళ్ళు బయటికొచ్చి వాళ్ళ కిటికీల మీద రాళ్ళు వేసేవాళ్ళట."

ఇంటికి రాగానే నాయనమ్మకు ఫోన్ చేసి, ఎందుకు మోకరించకూడదని అడిగాను. చిన్నప్పుడు దొర ఫాదరుగారు చెప్పారంది. "ఎందుకని ఆయన్ని అడుగుతామా ఏందే?" నాయనమ్మ తన జన్మలో ఒక్క యూదుణ్ణీ చూడలేదు. యేసు ముందు వెక్కిరింపుగా మోకరించారన్న నింద యూదుల మీద మోపి పెట్టిన పద్ధతట అది; దాన్ని చర్చి యాభై ఏళ్ళ కిందటే మానేసిందని తర్వాత చదివి తెలుసుకున్నాను.

క్షమించమని ఆంటీని అడిగాను. క్షమించానంది. గది ఖాళీ చెయ్యమనలేదు, పచ్చడి అర తీసేసుకోలేదు. చదువయ్యాక ఇంకో ఏడాది అక్కడే ఉన్నాను. మళ్ళీ పవిత్ర శుక్రవారం వచ్చింది. నేను తయారై కిందికి దిగేసరికే ఆవిడ కర్ర పట్టుకుని ఒంటరిగా చర్చికి వెళ్ళిపోయింది. తల్లి కాలంతోనే పోయిందని ఆవిడ నమ్మిన ఆ రాళ్ళ శుక్రవారం, ఇంచుమించు వందేళ్ళ తర్వాత కూడా నా మూలాన ముగియలేదు.